డెనిస్ అంకుల్ పడవకి నేను జడ్జిని

పడవ మీద దీవులు తిరగడానికి వెళ్తున్నామని చెప్పగానే మా అమ్మ తెనాలి నుంచి అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ కొబ్బరిచెట్లుంటాయా?" మా చెల్లెలైతే పూల చొక్కా వేసుకుని, కొబ్బరిబోండాం చేత్తో పట్టుకుని ఫొటో పంపమంది. వాళ్ళని అనుకుని లాభం లేదు. దీవి అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే కదా. నేను వెళ్ళింది ఐర్లండ్ దక్షిణపు కొసన, కార్క్ కౌంటీలో, రోరింగ్‌వాటర్ అనే అఖాతంలో ఉన్న దీవులకి. నడివేసవిలో స్వెటర్, దాని మీద రెయిన్‌కోటు, దాని మీద లైఫ్ జాకెట్ వేసుకుని పరుపుచుట్టలా తిరిగాను. అయితే మేం పడవెక్కిన స్కల్ అనే ఊళ్ళో ఇళ్ళ ముందు ఈతచెట్టుకి దూరపు చుట్టంలాంటి చెట్లు కొన్ని ఉన్నాయి. వెచ్చటి సముద్రప్రవాహం పుణ్యాన అవి చలికి చావవట. ఒకదాని కింద నిలబడి ఫొటో పంపాను. అమ్మ నమ్మేసింది.

ఇక అసలు సంగతి. నేను కార్క్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఇల్లు బాలింకాలిగ్‌లో. మా ఎదురింటాయన డెనిస్. డెబ్భై దాటాయి, భార్య పోయింది, పడవ ఇంజన్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. నేను మొదటిసారి "అంకుల్" అని పిలిచినప్పుడు, "నాకు అన్నదమ్ముల్లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. నీకు నేను అంకుల్ని ఎలా అయ్యాను?" అని నిజంగానే కంగారుపడి అడిగాడు. ఇప్పుడు అలవాటు పడ్డాడు. ఆయన నన్ను "గర్ల్" అంటాడు. కార్క్‌లో ఆడమనిషికి అరవై ఏళ్ళున్నా అలాగే పిలుస్తారు. ఇక్కడ దాన్ని "అమ్మాయ్" అని రాస్తున్నాను.

ఆయనకి 'మేరీ కేట్' అనే పాత తెరచాప పడవ ఉంది. పోయినేడు ఒక్కడే అందులో వెళ్ళి, జారిపడి పక్కటెముక విరగ్గొట్టుకుంటే లైఫ్‌బోటు వాళ్ళు వెళ్ళి లాక్కొచ్చారు. అప్పటి నుంచి మూడు గంటల దూరాన స్వోర్డ్స్‌లో ఉండే కూతురు మేవ్ పడవ అమ్మెయ్యమని పోరు పెడుతోంది. ఆయన ససేమిరా అన్నాడు. చివరికి తండ్రీకూతుళ్ళు ఒక ఒప్పందానికొచ్చారు. నేను ఆయనతో కలిసి దీవులు ఒక చుట్టు తిరిగిరావాలి. ఆయన పడవ నడపగలడో లేదో నర్సుగా నేను చెప్పాలి. నడపగలడంటే పడవ ఉంటుంది, లేదంటే అమ్మకానికి పెడతారు. ఇంత పెద్ద తీర్పు నా నెత్తిన పెట్టేముందు నాకు ఈత వచ్చా రాదా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. రాదు.

మా ఆయన ప్రభాకర్‌ది వరంగల్. మందుల కంపెనీలో క్వాలిటీ ఉద్యోగం. ప్రతిదానికీ వంక పెట్టడమే ఆ ఉద్యోగం, దాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. "నువ్వొక్కదానివే గా ముసలాయనతోని సముద్రంల పోతవా? నేను గూడ వస్త. మునిగితె ఇద్దరం మునుగుదం" అని బయల్దేరాడు. ప్రేమ ఆయన నోట్లోంచి ఇలాగే వస్తుంది.

స్కల్ రేవులో ప్రార్థన

డెనిస్ అంకుల్ కారు సర్వీసింగ్‌కి ఇచ్చానన్నాడు కాబట్టి మా కారులోనే వెళ్ళాం. ఆ కారు చలికాలం నుంచీ సర్వీసింగ్‌లోనే ఉందని నాకు అప్పుడు తోచలేదు.

నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ముందు ఆదివారం మా తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు చెయ్యెత్తి ఈ ప్రయాణం సంగతి చెప్పడం. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. పరీక్షలకి ప్రార్థన, వీసాకి ప్రార్థన, కొత్త కారు కొంటే బానెట్ మీద చెయ్యేసి ప్రార్థన. మేం రేవులో సామాను దించుతుంటే రెండు కార్లు వచ్చి ఆగాయి. సూటూ బూటూ టైతో పాస్టర్ జాన్సన్ అంకుల్, వెనక ఆంటీలు, వాళ్ళ చేతుల్లో పులిహోర గిన్నె, చికెన్ వేపుడు, ఒక పెద్ద అరటిపళ్ళ గెల. పాస్టరుగారు ఆ సూటుతోనే పడవలోకి దిగి, తెరచాప కొయ్య మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నారు. బైబిల్లో ఎన్ని తుపానులున్నాయో అన్నీ ఆ రోజే విన్నాను. శిష్యులు భయపడిన తుపాను, యోనాని మింగిన చేప, పౌలు ఎక్కిన ఓడ బద్దలైన వైనం, అన్నీ అయ్యాక ఆమెన్.

నేను కళ్ళు తెరిచేసరికి డెనిస్ అంకుల్ మొహం పాలిపోయి ఉంది. వాళ్ళ కార్లు కదిలేదాకా మర్యాదగా నవ్వి, తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, బయల్దేరే పడవలోకి దేవుడి మనిషిని ఎక్కించావా?"

"దీవించడానికొచ్చారు అంకుల్."

"మా తాత తరంలో చేపలకి వెళ్ళేవాళ్ళకి దారిలో ఫాదర్ ఎదురైతే వలలు భుజానేసుకుని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. ఈయన ఎదురుకావడం కాదు, కొయ్యని పట్టుకున్నాడు. పైగా అరటిపళ్ళు! అరటిపళ్ళున్న పడవ బాగుపడ్డట్టు ఎవరైనా విన్నారా?"

"మీరు ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారు కదా?"

"చర్చిలో ఆయన ఉండాల్సిన చోట ఉంటాడు. రేవులో కాదు."

మన దగ్గర ఒంటి బ్రాహ్మడు ఎదురొస్తే కాసేపు కూర్చుని నీళ్ళు తాగి బయల్దేరుతారు. వీళ్ళకి దానికీ ఒక విరుగుడుంది, ఇనుము ముట్టుకోవాలట. డెనిస్ అంకుల్ లంగరు గొలుసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అరటిపళ్ళు మా కారు డిక్కీలో పెట్టించాడు. ఆ తర్వాత దారిపొడుగునా ఏం జరిగినా పాపం జాన్సన్ అంకుల్ ఖాతాలోనే పడింది.

బయల్దేరాక మాత్రం ఆయన వేరే మనిషైపోయాడు. చుక్కాని కర్ర చేతిలోకి రాగానే వీపు నిటారుగా అయింది. నన్ను ఎదురుగా, తెరచాప కొయ్య పక్కన కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. నీళ్ళలో దారి చూపే రంగు గుర్తులుంటాయి, బోయాలంటారు. రేవులోకి వెళ్తున్నప్పుడు ఎర్రవి ఎడమచేతి వైపు, ఆకుపచ్చవి కుడిచేతి వైపు ఉంచుకోవాలి. తప్పితే రాళ్ళే. "ముందున్నది ఏ రంగు అమ్మాయ్?" "ఎరుపు." "ఐతే ఎటు వెళ్ళాలి?" "కుడికి." "శభాష్!" బడిలో కూడా నన్ను ఎవరూ ఇన్నిసార్లు శభాష్ అనలేదు. నేను పొంగిపోయాను. ఆయన దూరంగా దేన్నైనా చూడాలంటే మెడ పక్కకి తిప్పి కోడిలా ఓరగా చూసేవాడు. సముద్రం మీద తిరిగేవాళ్ళ చూపు అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

లాంగ్ ఐలండ్

మొదటి మజిలీ. దీవి పేరుకి తగ్గట్టే పొడుగ్గా ఉంది, జనమే వేళ్ళ మీద లెక్కపెట్టేంత. ఒడ్డున కోళ్ళకి గింజలు వేస్తున్న ఈలీన్ అనే ఆవిడ మమ్మల్ని చూసి టీ తాగుతారా అంది. నేను మొహమాటానికి వద్దన్నాను. "తాగరా?" వద్దండీ. "చుక్క?" అప్పుడు సరేనన్నాను. ప్రభాకర్ మాత్రం మొదటి ప్రశ్నకే చటుక్కున ఎస్ అనేశాడు. ఆవిడ ఒక క్షణం బిత్తరపోయింది. మూడుసార్లు అడిగించుకోవడం మన గుంటూరు జిల్లాలోనే కాదు, ఇక్కడా ఉంది. నేను ఆయన కాలు తొక్కాను. అయినా ఆవిడ రొట్టె, వెన్న, ఇంట్లో చేసిన జాము, గుడ్లు అన్నీ పెట్టింది. ఎన్నిసార్లు వద్దన్నా సంచిలో ఆరు గుడ్లు పెట్టి పంపింది.

పడవకి తిరిగొచ్చాక ప్రమాదం జరిగింది. పడవలో మరుగుదొడ్డి అంటే బీరువా అంత గది. పని అయ్యాక చేత్తో పంపు కొట్టాలి, తర్వాత మీట తిప్పెయ్యాలి. తిప్పకపోతే సముద్రం లోపలికొస్తుంది. ప్రభాకర్ తిప్పలేదు. నేను గుడ్లు ఉడకబెడుతుంటే చీలమండల దాకా నీళ్ళు.

"మెర్సీ! పడవల నీళ్ళొస్తున్నయే! మునుగుతున్నం!" అని అరిచి, వెంటనే గొంతు మార్చి, "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టాడు. ఆదివారాలు నేను లాక్కెళ్తే తప్ప చర్చికి రాని మనిషి. డెనిస్ అంకుల్ పైనుంచి దిగి, తడుముకుంటూ వెళ్ళి మీట తిప్పి, "గ్రాండ్" అన్నాడు, అంతా బాగుందని చెప్పడానికి ఇక్కడ అదే మాట. తర్వాత ముగ్గురం బకెట్లతో తోడుకున్నాం. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ ఎత్తలేదు. "మీ పాస్టరు పని" అన్నాడు డెనిస్ అంకుల్.

హేర్ ఐలండ్

ఇక్కడ మా పక్కన ఒక ఫ్రెంచి జంట లంగరేసుకుని ఉంది. లూక్, ఆయన భార్య ఆన్. వాళ్ళ దేశం నుంచి అంత చిన్న పడవలోనే వచ్చారట. పొద్దున్న మేం లంగరు లాగితే వాళ్ళ లంగరు గొలుసు కూడా పైకొచ్చింది. రెండు పడవలూ దగ్గరికొచ్చి, ముంజేతులు పట్టుకుని కుస్తీ పట్టేవాళ్ళలా ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి. లూక్ ఫ్రెంచిలో అరిచాడు, డెనిస్ అంకుల్ కార్క్ ఇంగ్లీషులో అరిచాడు, ప్రభాకర్ వరంగల్ తెలుగులో అరిచాడు. ముగ్గురూ చెప్పింది ఒకటేనని నాకు అర్థమైంది, ఎవడో మరొకడు తప్పు చేశాడని.

గొలుసులు విడదీసేసరికి మధ్యాహ్నం అయింది, అందరం అలిసిపోయాం. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మనకి తెలుసు. అన్నం వండి పిలిచాను. ప్రభాకర్ తన తొక్కు సీసా, అంటే మా ఇంట్లో ఆవకాయ, బయటికి తీసి "కొంచెమే, కొంచెమే" అని చెబుతూనే ఉన్నాడు. లూక్ దాన్ని జామ్ అనుకుని రొట్టె మీద మందంగా రాసుకుని కొరికాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మగవాడు కదా, నమిలి మింగాడు. భార్య ఆయన మొహం వైపు చూసి ఫొటో తీసింది. సాయంత్రం లూక్ ఒక వైన్ సీసా తీసుకుని చిన్న పడవలో తెడ్డేసుకుంటూ వచ్చాడు. మొహమాటపడుతూ అడిగింది ఇదీ: ఆ ఎర్ర జామ్ ఇంకొంచెం ఉందా?

ఆ రోజు డెనిస్ అంకుల్ ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను. ఈ దీవి వాళ్ళమ్మ పుట్టిల్లట, చిన్నప్పుడు వేసవి అంతా ఇక్కడే. ఏ రాయి ఎక్కడుందో, దాని పేరేంటో ఒక్కొక్కటీ చెప్పాడు. "మేవ్‌కి ఏం చెబుతావమ్మాయ్?" అని రెండుసార్లు అడిగాడు. "ఇంకా పరీక్ష అవలేదు" అని ఏడిపించాను. మనసులో మాత్రం తీర్పు రాసేసుకున్నాను. ఈ మనిషి దగ్గర్నుంచి పడవ లాక్కోవడం మహాపాపం.

షెర్కిన్

షెర్కిన్ దగ్గరపడుతుండగా ముందు ఎర్ర బోయా కనిపించింది. గాలి బాగుంది, ఎండ కూడా కాసింది. "ఏ రంగు అమ్మాయ్?" అన్నాడు. అప్పటికి నాలో ఆకతాయి విద్యార్థిని నిద్రలేచింది. మాస్టారు ఎప్పుడూ శభాషే అంటాడు, ఒకసారి తిడితే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను.

"ఆకుపచ్చ" అన్నాను.

"ఐతే ఎటు?"

"ఎడమకి."

తిడతాడని మొహం వైపు చూస్తున్నాను. ఆయన తిట్టలేదు. చుక్కాని తిప్పాడు. పడవ బుద్ధిగా ఎడమకి తిరిగింది, ఎర్ర బోయా మా కుడిచేతి వైపుకి జరిగిపోతోంది. కింద నీళ్ళలో గోధుమరంగు నాచు తలలు ఊపుతూ కనిపించింది. అంటే రాయి.

"ఎరుపు! అంకుల్, ఎరుపు! తిప్పండి!" అని అరిచాను. ఆయన ఒక్క ఊపులో తిప్పాడు. అడుగున ఏదో గీరుకుపోయిన శబ్దం వచ్చింది. కింద టీ పెడుతున్న ప్రభాకర్ మీద పాలు ఒలికాయి. పడవ మళ్ళీ లోతు నీళ్ళలోకి వచ్చింది. "పాస్టరు..." అని మొదలుపెట్టి ఆయనే ఆపేశాడు.

 ఇన్ని రోజులూ ఆయన నాకు పెట్టింది పరీక్ష కాదు. నా కళ్ళు అరువు తీసుకున్నాడు. మా వార్డులో అలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు. కంటి మధ్యలో చూపు పోతే, సూటిగా చూసినది కనబడదు, అంచులు కనబడతాయి. అందుకే మెడ తిప్పి ఓరగా చూస్తారు. నర్సునై ఉండి, ఎదురింట్లో ఉంటూ, శభాష్‌లకి మురిసిపోయి అది కనిపెట్టలేకపోయాను.

షెర్కిన్‌లో పబ్బు బయట బల్ల మీద కూర్చున్నాం. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పీతమాంసం పెట్టి పదహారు యూరోలన్నారు. ఆ డబ్బుకి సూర్యలంకలో గంపెడు పీతలు వస్తాయి. కానీ రుచి విషయంలో అబద్ధం చెప్పకూడదు, దివ్యంగా ఉంది. ప్రభాకర్ ఆ ధర మీద విచారణ జరపడానికి లోపలికెళ్ళాడు. ఎండ ఇంకా ఉంది.

"అంకుల్, నా మొహం కనిపిస్తోందా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. 

"చెవులు కనిపిస్తున్నాయి. భుజాలు కనిపిస్తున్నాయి. మొహం ఉండాల్సినచోట ఎవరో బొటనవేలితో రుద్దేసినట్టుంది."

"మీ జీపీ డాక్టరుకి చెప్పారా?"

"చెబితే రాసుకుంటాడు. రాసుకుంటే అన్నీ అయిపోతాయి."

"కారు మాత్రం ఆపేశారు."

"కారుకి పిల్లలు అడ్డొస్తారు. ఇక్కడ రాళ్ళు నేను పుట్టకముందు ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి."

"పొద్దున్న కయాక్‌లో ఇద్దరు పిల్లలు మన ముందు నుంచి వెళ్ళారు. నేను ఆగండని అరిచాను చూడండి, అప్పుడు. వాళ్ళు మీకు కనిపించారా?"

ఆయనకి కనిపించలేదు. అది విని ఆయన మొహం ఎలా అయిందో నేను చూశాను. నా మొహం ఆయన చూడలేదు, అదొక్కటే నయం.

"ఈ ఒక్క వేసవి, మెర్సీ" అన్నాడు. అమ్మాయ్ అనలేదు. "గ్రాండ్ అని చెప్పు చాలు. వచ్చే ఏడు నేనే అమ్మేస్తాను."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. నా చేత మా ఆయన్నీ నన్నూ రాళ్ళ మధ్య తిప్పించాడని కోపం. ఈ మనిషి ఇలా బతిమాలాల్సి వచ్చిందని ఏడుపు. ఈ జబ్బులో కొన్ని రకాలకి కంట్లో వేసే సూదిమందు ఉంటుంది, తొందరపడితే ఉన్న చూపైనా నిలబడుతుంది, వచ్చే ఏడంటే అదీ ఉండకపోవచ్చు. ఇదంతా చెప్పాను. ఆయన గ్లాసు వైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్పను అంకుల్. మీ వెనకాల నిజం కూడా చెప్పను. ఫోన్ చేసేటప్పుడు మీరు పక్కనుండాలి" అన్నాను. ప్రభాకర్ లోపలి నుంచి వచ్చి, పీత తాజాదేనట, ధర సమంజసమేనట అని ప్రకటించాడు. మా ఇద్దరి మొహాలూ చూసి కూర్చున్నాడు.

కేప్ క్లియర్

మర్నాడు కేప్ క్లియర్‌కి పడవని ఎలా తెచ్చామంటే, నేను రంగులు చెప్పాను, ఆయన తిప్పాడు. శభాష్‌లు లేవు. కయాక్ కనిపిస్తే కయాక్ అని, పక్షుల గుంపు కనిపిస్తే పక్షులని, ఆయన అడగకముందే చెప్పాను.

ఈ దీవిలో ఐరిష్ భాష మాట్లాడతారు. వేసవిలో పట్నం పిల్లలు ఆ భాష నేర్చుకోవడానికి వచ్చి ఉంటారు. ఇంగ్లీషు మాట్లాడితే ఇంటికి పంపేస్తారట. రేవు దగ్గర అలాంటి గుంపులోంచి ఒక అమ్మాయి విడిపోయి మా దగ్గరికొచ్చింది. పేరు అనన్య, వాళ్ళది లెపర్డ్స్‌టౌన్.

"ఆంటీ... తెలుగు?" అంది. ఆ రెండో మాట పలికిన తీరు అచ్చం ఐరిష్.

"అవునమ్మా. ఏం కావాలి?"

ఇంగ్లీషు నోటిదాకా వచ్చింది. అవతల టీచరు చూస్తోంది. పాపం ఆ పిల్ల మింగేసి, తల గోక్కుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంది. "నాకు... ఆకలి. ఇక్కడ... బంగాళాదుంప. పొద్దున బంగాళాదుంప. మళ్ళీ... బంగాళాదుంప. కారం లేదు, ఆంటీ. అస్సలు లేదు!"

వాళ్ళమ్మ పుట్టినప్పటి నుంచీ మొత్తుకున్నా ఇన్ని తెలుగు మాటలు ఒకచోట రాలి ఉండవు. టీచరు దగ్గరికొచ్చి ఇదేం భాష అని సైగ చేసింది. ఇంగ్లీషు కాదు కాబట్టి ఏమనాలో ఆవిడకి తెలియలేదు. ప్రభాకర్ తనకి ప్రాణంకన్నా ఎక్కువైన వరంగల్ సకినాల డబ్బా తెచ్చి మొత్తం ఇచ్చేశాడు. "తిను బిడ్డా. మీ అమ్మకు చెప్పు, సకినాలని" అన్నాడు. పడవెక్కినప్పటి నుంచి ఆ డబ్బా మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఫోన్ సిగ్నల్ కొండపైనే ఉంది. ముగ్గురం ఎక్కాం. రాతిగోడ మీద డెనిస్ అంకుల్ని కూర్చోబెట్టి, మేవ్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఆయన పక్కనే ఉన్నాడని ముందే చెప్పాను. తర్వాత చెప్పాల్సింది చెప్పాను. పడవ నడపడం ఆయన మర్చిపోలేదు, చేతులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి. చూపు లేదు.



"తెలుసు" అంది మేవ్. "క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఫోన్లో ఫొటో చూపించాను. 'చిన్నది ఎంత పెద్దదైపోయిందో, అచ్చం మీ అమ్మ పోలికే' అన్నాడు. అది మా కుక్క."

ప్రభాకర్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. డెనిస్ అంకుల్ తల దించుకున్నాడు.

"తెలిసీ నన్నెందుకు ఇందులోకి లాగావు?" అని అరిచాను. "ఎర్ర బోయా కుడివైపు పెట్టుకుని వెళ్ళాం తెలుసా? మేం మునిగిపోతే?"

"మీరు పక్కనుంటే ఫరవాలేదనుకున్నాను. అంత అవుతుందనుకోలేదు. నన్ను క్షమించండి" అంది.  "నేను చెబితే కూతురు పడవ లాక్కుందంటాడు. ఇంకెప్పుడూ నాతో మాట్లాడడు. వేరే ఎవరైనా చెబితే వింటాడనుకున్నాను." తర్వాత అడిగింది, "మరి పడవ?"

"ఆయన ఒక్కడూ వెళ్ళకూడదు. ఈ నెలలోనే కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. పడవ అమ్మొద్దు."

"ఎవరు నడుపుతారు?"

 ఊరికే కోపంలో అనేశాను. అప్పుడు ప్రభాకర్ నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఆయన చెప్తడు, నువ్వు నడుపుతవు. నేను కక్కుకుంట కూసుంట. గంతే గద?" మధ్య మాట వదిలేసి మిగతాది మేవ్‌కి ఇంగ్లీషులో చెప్పాను.

డెనిస్ అంకుల్ లేచి, గోడ పట్టుకుని ఒక్కడే కొండ దిగాడు. వెనకాల వెళ్ళబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. ఆ సాయంత్రం మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఉడకబెట్టిన గుడ్లు తినమని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నిజంగానే వద్దన్నాడు.

మళ్ళీ స్కల్‌కి

పొద్దున్న నేను పైకి వచ్చేసరికి ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చుక్కాని దగ్గర కాదు, ముందు, తెరచాప కొయ్య పక్కన. రోజూ నేను కూర్చునే చోటు. చుక్కాని దగ్గర సీటు ఖాళీగా ఉంది. నేను తెల్లబోయి నిలబడ్డాను.

"ఏం చూస్తున్నావు? లంగరు దానంతటదే పైకొస్తుందా?" అని కసిరాడు.

ప్రభాకర్ లంగరు లాగాడు. నేను కర్ర పట్టుకున్నాను. పడవ నా మాట వినదు, కుడికి తిప్పితే ఎడమకి పోతుంది, ఎడమకంటే కుడికి. డెనిస్ అంకుల్ వెనక్కి తిరగకుండానే, గాలి చెంపకి తగిలే తీరుని బట్టి అన్నీ చెబుతున్నాడు. "ఎక్కువ తిప్పావు. వదిలెయ్. వదలమంటే మొత్తం కాదు! పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో." కాసేపటికి పడవ నా చేతిలో తేలికైంది. సంతోషమూ భయమూ కలిసి నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ప్రభాకర్ బకెట్ లోంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

స్కల్ రేవు దగ్గరికొచ్చింది. గట్టు మీద పసుపు కోటు వేసుకున్న ఒకామె నిలబడి చెయ్యి ఊపుతోంది. ముందు రోజు ఫోన్లో వస్తానని చెప్పలేదు. స్వోర్డ్స్ నుంచి ఇక్కడిదాకా రావాలంటే చీకటితోనే బయల్దేరి ఉండాలి.

"గట్టు మీద ఎవరైనా ఉన్నారా?" అన్నాడు డెనిస్ అంకుల్.

 ఇన్ని రోజుల అలవాటు, ఇది కూడా పరీక్షేమో అనుకున్నాను.

"నాకు కనిపించడం లేదు మెర్సీ" అన్నాడు. "ఎవరో చెప్పు."

"మేవ్ వచ్చింది అంకుల్. చెయ్యి ఊపుతోంది."

ఆయన లేచి నిలబడి, ఒక చేత్తో కొయ్యని పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి గట్టిగా ఊపాడు. మేవ్ నిలబడింది ఒక పక్క. ఆయన ఊపుతున్నది అవతల పేర్చిన పీతల బుట్టల వైపు.  చుక్కాని కొంచెం తిప్పి, ఆ చెయ్యి కూతురి వైపుకి వచ్చేదాకా పడవని మళ్ళించాను.